పడికట్టు

హన్మకొండలో నక్కలగుట్ట దాటాక
ఆ నాలుగంతస్తుల మేడ అడుగున
మే నెలలో కూడా స్వెట్టరేసుకుని కూర్చుంటాను.
అయస్కాంతానికి ఉక్కపోత గిట్టదు.

ఇవాళ వచ్చినవాడికి ఆరేళ్లు.
చీటీ మీద కౌశిక్.
వాళ్ల నాయన మాత్రం కొమ్రయ్యా అంటాడు, తాత పేరట.
మొలతాడు విప్పించాను.
జేబులోంచి నాలుగు గోలీలు, ఒక స్క్రూ.
"ఇది పారెయ్యకు మేడమ్" అన్నాడు స్క్రూ ఇస్తూ.
తర్వాత బల్ల ఎక్కకుండా నిలబడ్డాడు.
"నాకేం నొప్పి లేదు. ఫిట్సు అక్కకు గదా.
మరి నేనెందుకు పండుకోవాలె?"

నా దగ్గర మంచి జవాబు లేదు.
ఏ వయసులో మెదడు ఎంత మెత్తగా ఉండాలో
రాసుకునే మా పట్టికలో సగం గళ్లు ఖాళీ.
జబ్బు పిల్లలే వస్తారిక్కడికి,
ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎవరు తెస్తారు?

జవాబు ఓదెలు చెప్పాడు.
ఎనుమాముల మార్కెట్లో దడ్వాయి ఆయన,
ఇరవై రెండేళ్లుగా పత్తి, మిర్చి తూస్తున్నాడు.
ఇప్పుడక్కడ అంకెలు మెరిసే కాంటాలే,
అయినా పొద్దున్నే ఒక రాయి ఎత్తిపెట్టి చూడందే
మొదటి బస్తా ముట్టడట.
కొడుకు ముందు గొంతుకూర్చున్నాడు.
"బస్తా కంటె ముందుగాల కాంట మీద ఏం పెడ్తం రా?"
"పడికట్టు రాయి."
"అది సక్కగ లేకపోతే?"
"అంత దొంగతూకమే."
"అక్కను తూసెటందుకు నువ్వే పడికట్టువు, కొడుకా."

వాడు కాసేపు తన కాళ్లు చూసుకున్నాడు.
బల్ల ఎక్కాడు.

తల కింద గాలిదిండు పెట్టాను.
సెకనుకు యాభైసార్లు వణుకుతుందది,
పుర్రెకు చక్కిలిగింత పెట్టినట్టు.
"స్టాచ్యూ" అన్నాను. బిగుసుకున్నాడు.
రెండో విడతకు ముందు మైకులో గొంతు:
"మేడమ్, మా ఇంటెనక బొగ్గు గూడ్సు పోతే గిట్లనే ఉంటది.
బకెట్ల నీళ్లకు గుండ్రం గుండ్రం గీతలు పడ్తయి."
"స్టాచ్యూ పోయింది."
"పోలే. మూతే కదిలింది."

శివనగర్ పట్టాల పక్కన పెరిగినవాడికి
అల గురించి నేనేం చెప్పను?
మూడేళ్లు చదివి నేను పాసైన పాఠం
వాడు స్నానం చేస్తూ చూశాడు.

తెర మీద అలలు.
గట్టి చోట బారెడంగలేసుకుంటూ పోతాయి.
మెత్తని చోట నాట్ల మడిలో దిగినట్టు
అడుగులో అడుగు.
ఆ అంగలు కొలుస్తాం,
వేలు పోని చోట వేలుపెట్టి నొక్కినట్టు.
పింజను రెండువేళ్ల మధ్య నలిపి
తేమ చెప్పే ఓదెలుకు ఇదంతా ఒక్కసారికే ఎక్కింది.
ఎక్కనిది అంకె.
"రెండున్నర కిలోపాస్కల్" అన్నాను.
"రెండున్నర కిలోలు" అని లోపల రాసుకున్నాడు,
నేను దిద్దలేదు.
"మరి బిడ్డది?"

హారికది పోయిన బేస్తవారం తీశాం.
ఎడమ కణత లోపల, చింతగింజంత మేర
అల అంగ మారింది.
జబ్బు కావచ్చు.
ఆమె దగ్గి ఉండవచ్చు.
డాక్టరు గారి రిపోర్టులో ఒక ప్రశ్నార్థకం ఉంది,
దానికి నేను ఇంకో మాట చేర్చలేను.

"తరుగెంత మేడమ్?" అన్నాడు ఓదెలు.
"మా కాడ తేమ అని, దుమ్మని
బస్తాకు ఇంత అని తరుగు తీస్తరు.
మీ అంకెకు తరుగెంత?"

పదకొండేళ్ల నౌకరీలో ఈ ప్రశ్న
ఎవరూ అడగలేదు నన్ను.
"ఉంది" అన్నాను. "చాలానే ఉంది.
ఇసొంటి పిల్లలు ఇంకా వస్తేనే తగ్గుతది."
నా నోట్లోంచి మా అమ్మ భాష ఊడిపడింది.

బల్ల దిగి వాడు ముందు స్క్రూ అడిగాడు.
తర్వాత, "సక్కగున్ననా?"
"చిన్నమెత్తు తేడా లేదు."
అది కూడా తరుగు తీయాల్సిన మాటే.

బయట బెంచీ మీద మందు మత్తులో అక్క.
పక్కన కూర్చుని
ఆమె తల కింద అరచెయ్యి దోపి
నోటితో గూడ్సుబండి నడిపాడు.
కళ్లు తెరవకుండానే ఆమె
"స్టాచ్యూ" అంది.